నల్ల బర్రె ఫోటోలో మొఖం కనిపించట్లేదు, ఫ్లాష్ కొనాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. నకిరేకల్ దగ్గర మీ ఊరి చెరువు కట్ట మీద, మీ అమ్మ పెంచుకునే బర్రెను ఫోటో తీశారు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న కెమెరా, 55-250 మిల్లీమీటర్ల జూమ్ లెన్స్ (అంకె పెరిగేకొద్దీ దూరంగా ఉన్నది దగ్గరగా కనిపిస్తుంది). ఆ ఫోటోను పెద్దగా ప్రింట్ చేయించి ఇంట్లో గోడకు పెట్టి అమ్మకు చూపించాలని ఉంది. కానీ బర్రె నల్ల ముద్దలా వచ్చింది, కన్ను ఎక్కడుందో తెలియట్లేదు. చూసినవాళ్ళు "ఏదో తక్కువైంది" అంటున్నారు గానీ ఏం తక్కువైందో చెప్పట్లేదు. ఫ్లాష్ కొనాలా, కంప్యూటర్‌లో బ్రైట్‌నెస్ పెంచితే సరిపోతుందా?

రెండూ వద్దు. అదే కెమెరాతో, అదే బర్రెను, పొద్దు పొడిచిన గంటలోపు గానీ పొద్దు గూకే ముందు గంటలో గానీ, ఎండ పక్క నుంచి పడేటట్టు చూసుకుని, మీరు గొంతుక్కూర్చుని మళ్ళీ తీయండి. పైసా ఖర్చు లేదు. ఫ్లాష్ కొనే డబ్బు ప్రింటుకు, ఫ్రేముకు దాచుకోండి.

ఎందుకో చెప్పే ముందు నా సంగతి ఒక్క ముక్క. మహబూబ్‌నగర్‌లో చిన్న స్టూడియో నడుపుతున్నాను. తిండి పెట్టేది పెళ్ళిళ్ళు, ధోతి ఫంక్షన్లు. ఆదివారం ఖాళీ దొరికితే ఏదో ఒక చెరువు కట్టకు పోతాను. నల్ల కోటు వేసుకున్న పెళ్ళికొడుకును తీయడంలో ఉన్న తంటానే బర్రెను తీయడంలోనూ ఉంది. కాబట్టి ఈ నలుపుతో నాకు పాతికేళ్ళ గొడవ.

తెల్ల ఎద్దును తీసుకోండి. దాని మీద ఎండ పడ్డ చోటు తెల్లగా, నీడ పడ్డ చోటు కొంచెం మసకగా ఉంటుంది. ఆ తేడాతోనే మూపురం ఎక్కడ, డొక్క ఎక్కడ అని కంటికి తెలుస్తుంది. బర్రె తోలు అట్లా కాదు. పడ్డ వెలుగులో ఎక్కువ భాగం మింగేస్తుంది. ఎండలో ఉన్నా నలుపే, నీడలో ఉన్నా నలుపే. మరి దాని ఆకారం మనకు ఎట్లా తెలుస్తుంది? మెరుపుతో. ముక్కు దూలం మీద ఒక గీత, కంటి పైన ఎముక మీద ఒక మచ్చ, మెడ మడతల మీద సన్నని వెండి చారలు. నల్ల జంతువు మీద ఎంత వెలుగు పడిందని చూడొద్దు, మెరుపు ఎక్కడ కూర్చుందో చూడండి. నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మెరుపు అంటే అద్దంలో పడ్డ బింబం లాంటిది. మీరు కదిలితే అదీ కదులుతుంది. నమ్మకం కుదరకపోతే కడిగిన నల్ల బైకును ఎండలో పెట్టి దాని చుట్టూ ఒక రౌండు నడవండి. ట్యాంకు మీద మెరిసే గీత మీతోపాటే జరుగుతుంది. బర్రె చుట్టూ కూడా అట్లాగే నడవాలి. కెమెరా కంటికి పెట్టకుండా ముందు ఉత్త కళ్ళతో సగం రౌండు తిరిగి, మొఖం మీద మెరుపు చక్కగా కూర్చున్న చోట ఆగండి. నా పనిలో సగం ఈ నడకే.

ఇప్పుడు మీ ఫోటో దగ్గరికి వద్దాం. బర్రె నీడ దాని పొట్ట కిందే ఉంది. అంటే పన్నెండు అటూఇటూ తీశారు. అప్పుడు మెరుపంతా వెన్ను మీద ఉంటుంది, మొఖం తన నీడలో తానే ఉంటుంది. మన నల్గొండ, పాలమూరు దాదాపు 17 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నాయి కాబట్టి మే మొదటి, రెండో వారాల్లో, మళ్ళీ ఆగస్టు మొదటి వారంలో మిట్ట మధ్యాహ్నం సూర్యుడు అక్షరాలా నడినెత్తిన ఉంటాడు. ఆ రోజుల్లో పన్నెండింటికి తీసిన ఏ జంతువుకైనా కళ్ళు ఉండవు, రెండు గుంటలే ఉంటాయి.

పక్క నుంచి ఎండ అంటే ఎంత పక్క? మీరు గడియారంలో ఆరు అంకె దగ్గర ఉన్నారనుకోండి, బర్రె గడియారం నడిమధ్య ఉంది. సూర్యుడు మూడు దగ్గరో తొమ్మిది దగ్గరో ఉంటే మంచిది. నాకైతే రెండు దగ్గర, లేదా పది దగ్గర, అంటే కొంచెం బర్రె వెనక నుంచి వస్తే ఇంకా ఇష్టం. అప్పుడు కొమ్ము అంచు, చెవి వెంట్రుకలు, వెన్ను గీత వెలుగుతాయి. అయితే మొఖం ఎండ వైపు కాస్త తిరిగి ఉండాలి, లేకపోతే మళ్ళీ చీకటే. ఆలస్యం మాత్రం చేయొద్దు. మన దగ్గర పొద్దు పొడిచాక సూర్యుడు గంటకు 13, 14 డిగ్రీలు పైకి ఎక్కుతాడు. చాయ్ తాగి వచ్చేలోపు వెలుగు గట్టిపడుతుంది.

సాయంత్రం అయితే మందలు ఇంటికి మళ్ళే వేళ పట్టుకోండి. గోధూళి అని మన పెద్దలు ఊరికే పేరు పెట్టలేదు. వెనక నుంచి ఎండ పడితే ఆ దుమ్మే వెలుగుతుంది, దాని ముందు నల్ల బర్రె ఆకారం కోసినట్టు కనిపిస్తుంది. వానాకాలంలో ఈ దుమ్ము దొరకదు, ఎండాకాలం మొదట్లో మస్తు దొరుకుతుంది. లెన్స్ మార్చే పని మాత్రం అక్కడ పెట్టుకోకండి, కెమెరా లోపల బొమ్మను పట్టే సెన్సర్ మీద ఆ దుమ్మంతా వచ్చి కూర్చుంటుంది.

ఫ్లాష్ ఎందుకు వద్దంటున్నానంటే, అది మీ వైపు నుంచి నేరుగా కొడుతుంది. మొఖం చదునుగా అవుతుంది, కళ్ళు పచ్చగా, నీలంగా దయ్యం కళ్ళలా వెలుగుతాయి. పశువుల కంటి వెనక వెలుగును తిప్పికొట్టే పొర ఒకటి ఉంటుంది, దాని పని అది. పైగా అవి బెదురుతాయి. నేను కొత్తలో ఒక పొట్టేలుకు దగ్గర నుంచి ఫ్లాష్ కొట్టాను. అది ఆలోచించలేదు, వచ్చి ట్రైపాడ్‌ను గుద్దింది. ట్రైపాడ్ కాలువలో, నేను గట్టున. కాపరి నవ్వీ నవ్వీ కూలబడ్డాడు. ఆ రోజు నుంచి పశువుల దగ్గరికి ఫ్లాష్ తీసుకుపోలేదు.

పొద్దున, సాయంత్రం మీకు వీలుపడకపోతే ఇంకో దారి ఉంది. ఇది చాలామందికి తట్టదు. మీరు నల్గొండకు దగ్గరే కాబట్టి పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం చూసే ఉంటారు. పొద్దంతా గర్భగుడిలో లింగం వెనక స్తంభం నీడ పడుతుంది, సూర్యుడు జరిగినా అది జరగదు. అంతా మహిమ అంటారు. నేను అక్కడ ఒక గంట కూర్చుని వెలుగు దారి చూశాను. లోపలికి నేరుగా ఎండ రాదు, బయట చెదిరిన వెలుగు స్తంభాల సందుల్లోంచి వస్తుంది. ఆ సందులు కదలవు కాబట్టి నీడా కదలదు. కట్టినవాళ్ళకు వెలుగు గురించి మనకన్నా బాగా తెలుసు.

దీన్ని మీ కొట్టంలో వాడుకోండి. బర్రెను కొట్టం లోపల, గుమ్మానికి మూడు నాలుగు అడుగుల దూరంలో, మొఖం గుమ్మం వైపు ఏటవాలుగా ఉండేటట్టు కట్టేయండి. గుమ్మంలోంచి నేరుగా ఎండ పడకూడదు, బయటి వాకిలి వెలుగు మాత్రమే రావాలి. వాకిలి సున్నం గోడ ఎదురుగా ఉంటే మీ అదృష్టం, అదే పెద్ద లైటు. కొట్టం లోపలి చీకటి నల్ల పరదాలా పనిచేస్తుంది. కంట్లో గుమ్మం ఆకారం చిన్న తెల్ల చుక్కగా పడుతుంది, ఆ చుక్కతో జంతువుకు ప్రాణం వస్తుంది. మధ్యాహ్నం రెండింటికి కూడా ఈ ఫోటో వస్తుంది. రేకుల కొట్టమైతే పైన చిల్లులు చూసుకోండి, మొఖం మీద ఎండ మచ్చలు పడితే బర్రెకు బొల్లి వచ్చినట్టు ఉంటుంది.

ఇక కెమెరా లోపల ఏం జరిగిందో చూద్దాం. కెమెరాలో వెలుగును కొలిచే మీటరు ముందున్న దృశ్యాన్నంతా సగటు చేసి నడిమి బూడిదరంగుకు తేవాలని చూస్తుంది. మీ ఫోటోలో సగం తెల్లటి ఆకాశం ఉంది. అందుకని అది వెలుగు తగ్గించింది, బర్రె మొత్తం మునిగిపోయింది. అదే బర్రె మొఖం ఫ్రేము నిండా ఉంటే తిరకాసు అటువైపు ఉంటుంది. "ఇంత చీకటా" అనుకుని కెమెరా వెలుగు పెంచుతుంది, బర్రె బూడిదలో పొర్లినట్టు వస్తుంది. కాబట్టి మొఖం దగ్గరగా తీసేటప్పుడు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (కెమెరా లెక్క మీద వెలుగు పెంచే, తగ్గించే సెట్టింగు) మైనస్ 2/3 నుంచి మైనస్ 1 దాకా పెట్టండి. ఆకాశం ఎక్కువ వచ్చే ఫోటోకు ప్లస్ వైపు పోవాలి, కానీ అసలు అంత ఆకాశం ఎందుకు చెప్పండి? రా ఫైల్‌లో (కెమెరా పట్టిన వివరాన్నంతా దాచే ఫైలు) తీయండి, నీడల్లో కొంత వివరం తర్వాత లాగవచ్చు. కుదించి దాచే మామూలు జేపెగ్ ఫైల్‌లో లాగితే నలుపులో చుక్కలు, మరకలు వస్తాయి. మీ "బ్రైట్‌నెస్ పెంచితే?" అన్న ప్రశ్నకు జవాబు ఇదే: పెంచితే నలుపు పోతుంది, మెరుపు రాదు. లేని మెరుపును కంప్యూటర్ తేలేదు.

సెట్టింగులు ఎప్పుడూ అడుగుతారు కాబట్టి చెప్తున్నా. పొద్దున ఎండలో ఐఎస్ఓ (వెలుగును పట్టే చురుకు) 400, ఎఫ్ (లెన్స్ రంధ్రం) 5.6, షట్టర్ 1/500 సెకను దగ్గర మొదలుపెట్టి చూసుకోండి. కొట్టంలో ఐఎస్ఓ 1600 దాకా పోవాల్సి రావచ్చు, భయపడకండి. 250 దగ్గర చేత్తో పట్టి తీస్తే 1/400 కంటే కిందికి దిగొద్దు, చెయ్యి వణుకు కనిపిస్తుంది.

మీరు లెన్స్‌ను 55 దగ్గర పెట్టి దగ్గరికి పోయి తీశారు. అందుకే ముట్టె పెద్దగా, ఒళ్ళు చిన్నగా ఉంది, వెనకాల ఊరంతా వచ్చింది. వెనక్కి జరగండి. మొఖం, మెడ మాత్రమే కావాలంటే 200 దగ్గర పెట్టి ముప్ఫై అయిదు అడుగుల దూరం నుంచి తీయండి. మొత్తం బర్రె కావాలంటే 100 దగ్గర పెట్టి యాభై అడుగులు. వెనక దృశ్యం కరిగిపోతుంది, బర్రె కూడా మిమ్మల్ని పట్టించుకోకుండా తన మేత తాను మేస్తుంది.

"ఏదో తక్కువైంది" అన్నవాళ్ళకు నిజానికి ఏదో ఎక్కువైంది అనిపించి ఉంటుంది. కొమ్ముల నడుమ నుంచి కరెంటు స్తంభం లేచింది, మూడో కొమ్ము మొలిచినట్టుంది. కుడి పక్కన ఎవరిదో బైకు సగం ఉంది. ముందు కాళ్ళు గిట్టల దగ్గర తెగాయి. కాళ్ళు పెడితే గిట్టలతో సహా, కింద కాస్త నేలతో సహా పెట్టాలి, లేదంటే ఛాతీ దగ్గరే కోసేయాలి. గిట్టల మీద కోస్తే జంతువు కుంటిదైపోతుంది. ఇంకోటి, బర్రె ఎడమకు చూస్తోంది, ఎడమ పక్క ఖాళీ లేదు, దాని చూపు పోయి ఫ్రేముకు గుద్దుకుంది. కుడి పక్కనేమో బోలెడు చోటు. చూపు ఉన్న వైపు చోటు వదలండి. వీటిలో చాలావరకు మీరు రెండడుగులు ఎడమకు జరిగితే పోయేవే.

ఎత్తు గురించి మాత్రం కొంచెం గట్టిగా చెప్తాను. మీరు నిలబడి తీశారు, బర్రె తల వంచి ఉంది. పైనుంచి చూస్తే ఏ జంతువైనా "పాపం" అన్నట్టు ఉంటుంది. మీ అమ్మ దాన్ని అట్లా చూడదు కదా. ఆమె పాలు పిండేటప్పుడు కూర్చుని చూస్తుంది. కెమెరా బర్రె కంటి ఎత్తులో గానీ, ఒక జానెడు కింద గానీ ఉండాలి. ఆ ఎత్తు నుంచి కొమ్ముల వంపు ఆకాశానికి ఎట్లా ఆనుతుందో చూడండి.

వెనక ఏముండాలి? నా లెక్క ఇది. ఎండ ముందు నుంచో పక్క నుంచో పడుతుంటే వెనక లేత రంగు ఉండాలి, కోసిన వరి మడి కొయ్యకాళ్ళు, ఎండు గడ్డి, మట్టి గోడ. ఎండ వెనక నుంచి వస్తూ అంచులు మెరుస్తుంటే వెనక చీకటి ఉండాలి, తుమ్మలు గానీ వేప చెట్టు నీడ గానీ. లేత వెనకకు నల్ల ఒళ్ళు, చీకటి వెనకకు వెండి అంచు. మెరుపు లేకుండా నల్ల బర్రెను చీకటి చెట్టు ముందు నిలబెడితే రెండు కళ్ళు, ఒక ముక్కుతాడు మాత్రమే మిగులుతాయి. అట్లాంటి ఫోటోలు నా దగ్గర ఒక పెట్టెడు ఉన్నాయి.

చెవులు వెనక్కి వాలి ఉంటే బర్రె విసుగ్గా కనిపిస్తుంది. ముందుకు రావాలంటే ఈల వేయడం, చిటికెలు వేయడం వంటివి పనిచేయవు, రెండోసారికి పట్టించుకోదు. మీ అమ్మను మీ వెనక కుడితి బకెట్ పట్టుకుని నిలబడమనండి. బకెట్ కడియం ఒకసారి చప్పుడు చేస్తే తల లేస్తుంది, చెవులు నిక్కుతాయి, కళ్ళు పెద్దవవుతాయి. మూడు నాలుగు సెకన్లు దొరుకుతాయి, వరుసగా నొక్కండి. తర్వాత ఆ కుడితి దానికి తాగించండి. మోసం చేస్తే రేపు చూడదు.

చెరువు పక్కనే ఉంది కాబట్టి ఇంకో ఫోటో మీ కోసం కాచుకుని ఉంది. బర్రె నీళ్ళలోంచి బయటికి వచ్చే ఒకటి రెండు నిమిషాలు. తడి తోలు మీద మెరుపు మామూలు కంటే ఎన్నో రెట్లు, పక్కటెముకల వంపులు కూడా గీసినట్టు వస్తాయి. ఎవరో పోలరైజర్ ఫిల్టర్ కొనమన్నారని రాశారు. చెరువులో చేపలకో ఆకాశం నీలానికో అది మంచిదే, ఇక్కడ మాత్రం వద్దు. అది మెరుపును చంపడానికే ఉన్నది, మనం బతుకుతున్నది మెరుపు మీద. బర్రె వచ్చే దారికి అడ్డం మాత్రం కూర్చోకండి, దూడ ఉన్న బర్రెకైతే అసలే వద్దు.

వీపు మీద తెల్ల కొంగ వాలితే చాలామంది సంబరపడి తీస్తారు, ఇంటికి వచ్చి చూస్తే కొంగ కాలిపోయి కాగితం ముక్కలా ఉంటుంది. తెలుపు కాలిపోతే తిరిగి రాదు. కొంగకు సరిపడా వెలుగు పెట్టండి, బర్రెను తర్వాత రా ఫైల్‌లోంచి లాగుకోవచ్చు. ఇదే సంగతి నాకు మక్తల్ దాటి కృష్ణా వైపు కృష్ణ జింకల దగ్గర తెలిసొచ్చింది. మగ జింకకు పైన నలుపు, పొట్ట తెలుపు, ఒకే ఒంట్లో రెండు తలనొప్పులు. మొదటి రోజు నలుపు కోసం పెట్టి అన్ని పొట్టలూ కాల్చుకున్నాను. రెండో రోజు తెలుపుకు పెట్టి, పొద్దున్నే ఏటవాలు ఎండలో తీస్తే రెండూ దక్కాయి. అవి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్న జంతువులు, బండితో తరిమి దౌడు తీయించి ఫోటో తీసేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది. కూర్చుని ఓపిక పడితే అవే దగ్గరికి వస్తాయి.

ఇప్పుడున్న ఫోటోను ఏమైనా చేయొచ్చా అంటే, కొంత. నిలువుగా కోసి మొఖం, మెడ, కొమ్ములు మాత్రం ఉంచండి. బైకు, తెగిన కాళ్ళు పోతాయి, ఎడమ ఇరుకు మాత్రం అట్లాగే ఉంటుంది. స్తంభాన్ని చెరిపేయొచ్చు, ఇంట్లో పెట్టుకునే ఫోటోకు తప్పేం లేదు, పోటీకి పంపేటట్టయితే నిబంధనలు చదువుకోండి. కానీ బర్రె మీ ఇంట్లోనే ఉంది, రేపు మళ్ళీ పొద్దు పొడుస్తుంది. నేనైతే కంప్యూటర్ ముందు గంట కూర్చోను.

ఒక మినహాయింపు. ఇదంతా గోడకు పెట్టే ఫోటో సంగతి. బర్రెను అమ్మడానికి ఫోటో పంపుతుంటే నా మాట వినకండి. కొనేవాడికి వెండి అంచులు అక్కర్లేదు. పక్క నుంచి నిలువెత్తు, నాలుగు కాళ్ళు, పొదుగు స్పష్టంగా, మబ్బు వెలుగులో చదునుగా ఉండాలి. ఇన్సూరెన్సుకైతే చెవి ట్యాగ్ నంబరు చదవగలగాలి. ఒకాయన కోసం నేను వెనక ఎండలో చాలా అందంగా తీసిచ్చాను. సంతలో చూపిస్తే "పొదుగేది?" అని అడిగారట. మళ్ళీ వచ్చి తీయించుకున్నాడు, డబ్బులు మాత్రం ఒకసారివే ఇచ్చాడు.

ప్రింటు దగ్గర ఒక జాగ్రత్త. ఫిల్ము రోజుల్లో నేను తీసిన మొదటి మంచి బర్రె ఫోటోను ల్యాబ్‌లో మెషిన్ తనంతట తానే "సరిచేసి" బూడిదరంగులో అచ్చు వేసింది. ఇప్పటి మెషిన్లకూ ఆ అలవాటు ఉంది. ఫైలుతోపాటు "ఆటో కరెక్షన్ వద్దు" అని రాసివ్వండి. ముందు 4x6 సైజులో ఒకటి వేయించి, ఫోటో పెట్టబోయే గోడ దగ్గరే, ఆ వెలుగులోనే చూడండి. స్క్రీన్ మీద కంటే కాగితం మీద నీడలు ఇంకొంచెం మునుగుతాయి, మెరవని మ్యాట్ కాగితమైతే ఇంకా మసకగా ఉంటాయి. అవసరమైతే నీడలను ఒక పిసరు పైకెత్తి అప్పుడు పెద్దది వేయించండి. గాజు ఫ్రేము అయితే కిటికీకి ఎదురుగా తగిలించొద్దు, నల్ల ఫోటో ముందు గాజు పెడితే అది అద్దమే, మీ అమ్మకు బర్రె బదులు కిటికీ కనిపిస్తుంది.